ముప్పై ఒకటో గంట

సింగపూర్ నుంచి హైదరాబాదుకు విమానం ఈ రోజు ముప్పై ఒక్క గంటలు పడుతోంది. నిన్నటి దాకా నాలుగున్నర గంటలే. బోర్డు మీద పాత అంకె కొట్టేసి పక్కన సుద్దముక్కతో కొత్తది రాశారు. చేతిరాత నాది.

పది రోజుల క్రితం మా బావ రాఘవులు పోయినప్పుడు చెల్లెలు వకుళ ఫోన్ చేసింది. ఎంతసేపట్లో రాగలవు, నీకోసం ఉంచుతాం అంది. ఆమె ముఖం చూడాలంటే నాకు భయం వేసింది. నేరుగా విమానం లేదు, ముప్పై ఒక్క గంటలు పడుతుందన్నాను. ఇక నాకోసం ఆగకుండా దహనం చేసేశారు. ఆ సాయంత్రం మంచం మీద పడుకుని ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడు.

ఇవాళ పదకొండో రోజు. పుట్టింటి చీర వకుళ భుజం మీద వేయాలి. పుట్టింట్లో మిగిలింది నేనొక్కణ్ణే. మధ్యాహ్నం లోపు చేరకపోతే ఆమె నలుగురిలో ఎవరూ లేనిదానిలా కూర్చోవాలి. చీర నా ఒళ్ళో ఉంది. గోధుమరంగు నేతచీర.

విమానం లేచాక కెప్టెన్ మైకులో వివరిస్తాడు. ఇరవై మూడో వరసలోని ప్రయాణికుడు ఇచ్చిన మాట ప్రకారం దూరం పెంచామని, సహకరించమని. ఎవరూ నన్ను తిట్టరు. వరసగా తల తిప్పి చూసి, మర్యాదగా మళ్ళీ ముందుకు తిరుగుతారు.

పక్కసీటు పెద్దావిడ మోకాళ్ళు నొక్కుకుంటోంది.

“ముప్పై అంటే సరిపోయేదిగా బాబూ? ఆ ఒక్క గంటా ఎందుకు కలిపావు?”

“ముప్పై అంటే నమ్మరండీ. నోటికొచ్చింది చెప్పినట్టుంటుంది.”

ఆవిడ నిజమేనని ఒప్పుకుంటుంది. తిట్టినా బాగుండేది.

నాలుగున్నర గంటలకి విమానం మల్కాజిగిరిలో చెల్లెలి డాబా దగ్గరికి వస్తుంది. దిగదు. మనిషి నడిచేంత వేగంతో డాబా చుట్టూ తిరుగుతుంది. మిగిలిన గంటలు ఎక్కడో గడపాలి. కింద పెద్దలు, పుట్టింటివాళ్ళు ఇంకా రాలేదా అని రెండోసారి అడుగుతున్నారు. వకుళ పీట మీద తల వంచుకుని ఉంది. భుజం ఖాళీగా ఉంది.

కిటికీకి మా పాత ఇంటి గడియే ఉంది. తీస్తాను. అబద్ధం చెప్పానమ్మా, నాలుగున్నరే అంటాను. విమానం దిగదు.

వకుళ తలెత్తి, పక్కవాళ్ళకి వినపడకుండా అంటుంది.

“తెలుసన్నయ్యా. మా పాప ఫోన్లో ఆ రోజే విమానం టైము చూశాను. వీళ్ళకి మాత్రం ముప్పై ఒకటనే చెప్పాను.”

అబద్ధం ఇప్పుడు ఇద్దరిది. నేనొక్కణ్ణే వెనక్కి తీసుకుంటే దూరం తగ్గదు.

చీర ఒక కొస కిటికీలోంచి వదులుతాను. అది ఆమె భుజం మీద పడుతుంది. విమానం తిరుగుతున్నకొద్దీ చీర ఆమెకు చుట్టుకుంటుంది. ఆమె కుచ్చిళ్ళు పోయడం మొదలుపెడుతుంది. ఒక్కో కుచ్చిలికి ఆ ముప్పై ఒకటిలోంచి ఒక గంట తరుగుతుంది. పెద్దావిడ వేళ్ళ మీద లెక్కపెడుతోంది. ముప్పై దగ్గర బట్ట అయిపోతుంది.

రెండో కొస నా చేతిలోనే ఉంది. ఆమె లాగుతుంది. నేను కిటికీలోంచి పల్చగా, గోధుమరంగులో జారుతాను. ఆమె నన్ను నిలువునా మడిచి, మిగతా ముప్పై కుచ్చిళ్ళతో కలిపి నడుము దగ్గర దోపుకుంటుంది.

మీ అన్నయ్య వచ్చాడా అని ఎవరో అడుగుతారు.

“దారిలో ఉన్నాడండీ,” అంటుంది వకుళ.

లేచి నడుస్తుంది. ఆమె అడుగు వేసినప్పుడల్లా నేను తెరుచుకుని, మూసుకుంటున్నాను.