కోడిజుట్టు ట్రేలో పసుపు పువ్వు

ఎర్రగా పూయవలసిన మొక్కకు ఆదివారం ఉదయం పసుపు పువ్వు పూసింది.

కోడలు వరండా కిటికీ పక్కనున్న ట్రే ముందు గొంతుక్కూర్చుని కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. నాలుగే రేకులు, గోరంత పువ్వు. ఒక ఆకు తుంచి వేళ్ల మధ్య నలిపి వాసన చూస్తే ముక్కు చుర్రుమంది. ఇక అనుమానం లేదు. అయిదు వారాలుగా తను కంటికి రెప్పలా కాచుకుంటున్నవి అత్తగారి కోడిజుట్టు మొక్కలు కావు. వంటింటి డబ్బాలో ఉండే ఆవాలు.

అత్తగారు పోయి రెండేళ్లయింది. ఆవిడ పెంచిన కోడిజుట్టు అందరిళ్లలో కనబడేది కాదు. ముఖమల్ గుడ్డలా మడతలు మడతలుగా, రెండు పిడికిళ్లంత పువ్వు, నలుపు తిరిగిన ఎరుపు. విత్తనాలమ్మే కొట్లన్నీ తిరిగినా కోడలికి ఆ రకం దొరకలేదు. ఆవిడ దాచిన కాగితం పొట్లంలో మిగిలినవి మూడు చిటికెలు. మొదటి చిటికె కోడలి అతిప్రేమకు బలైంది. పూటపూటకూ నీళ్లు పోసేసరికి మట్టి మీద బూజు తప్ప ఏమీ మొలవలేదు. రెండో చిటికె చక్కగా మొలిచింది. ఎండ తగిలితే గట్టిపడతాయని ఒకేసారి మేడ మీద పెట్టి డ్యూటీకి వెళ్లిపోయింది. సాయంత్రం వచ్చి చూస్తే మాడిన దారాలు మిగిలాయి. ఈ ట్రేలో చల్లింది మూడోది, ఆఖరిది. ఇదీ పోతే ఆ పువ్వు ఇక ఫొటోలో చూసుకోవలసిందే.

ఆమె ఆసుపత్రిలో ఎక్స్-రేలు తీస్తుంది. పైకి కనబడనిది లోపల ఎక్కడ విరిగిందో పట్టుకోవడం పదిహేనేళ్లుగా ఆమె పని. ఏడవడం తర్వాత, ముందు సంగతి తేలాలనుకుంది.

మొదటి అనుమానం తన మీదే. పొట్లం తారుమారైందా? కాదు. చల్లేముందు గింజల్ని అరచేతిలో పోసుకుని చూసింది. నల్లగా నిగనిగలాడుతూ, ఆవగింజలో సగం కూడా లేవు. వాటిని ఇసుకలో కలిపి తన చేత్తోనే ట్రే అంతా చల్లింది. తప్పు అక్కడ జరగలేదు.

రెండో అనుమానం భర్త మీద. ఆయన బడిలో లెక్కల మాస్టారు. పేపర్ల కట్ట ముందేసుకుని దిద్దుకుంటున్నాడు.

“ట్రేలో ఆవాలు మీరు పోశారా?”

“ఆవాలకూ మిరియాలకూ తేడా నువ్వు చెబితే గానీ నాకు తెలీదు. ఇంత తెలివైన నేరం నా మీద వెయ్యకు.”

“ఎవరో నా చెవిలో పువ్వు పెట్టారు. అదీ ఆవపువ్వు.”

ఆయన నవ్వబోయి, ఆమె కళ్లు చూసి ఆగిపోయాడు. ఎర్ర కలం చెవిమీద పెట్టుకుని లేచి వచ్చి, ట్రే చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఆమెకు తట్టని ప్రశ్న ఒకటి వేశాడు. నువ్వు చల్లానంటున్నావు, మరి ఈ వరుసలేమిటి? ఆరు వరుసలు, వరుసకు ఏడు మొక్కలు. స్కేలు పెట్టి కొలిచినా ఇంత సరిగ్గా రావన్నాడు.

నిజమే. ఆ వరుసలు చూసి తన చేతి పనితనమే అంతని ఇన్నాళ్లూ మురిసిపోయింది. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తుకు రాసాగింది. చల్లిన ఆరో రోజుకు కూడా ట్రేలో చలనం లేదు. తొమ్మిదో రోజు పొద్దున మాట్లాడుకున్నట్టు అన్నీ ఒకేసారి తలెత్తాయి. ఆ సంతోషంలో ఆమె ఇల్లంతా లేపింది. భర్త వచ్చి చూశాడు, పక్కింటావిడ వచ్చి చూసింది. మామగారు మాత్రం గదిలోంచి కదల్లేదు. పనిలో ఉన్నానన్నాడు. భార్య పువ్వులు మళ్లీ వస్తున్నాయంటే పరిగెత్తుకు రావలసిన మనిషి!

వెంట్రుకవాసి తేడా లేకుండా గింజలు పేర్చగల చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే ఉంది.

మామగారు నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. కొట్టు మూసేసినా బల్లను వదల్లేక తన గదికి తెచ్చుకున్నాడు. వీధిలో ఎవరి గడియారం ఆగినా ఇప్పటికీ ఆ బల్ల మీదికే వస్తుంది. ఆమె వెళ్లేసరికి ఆయన కంటికి భూతద్దం బిగించుకుని ఒక అలారం గడియారంలోకి తదేకంగా చూస్తున్నాడు. దాని వెనక మూత ఇంకా విప్పనే లేదు.

ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఎక్స్-రే గదిలో ఆమె కనిపెట్టిన సంగతి ఒకటుంది. నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టమని తను చెప్పకముందే బిగబడతారు. మామగారు ఊపిరి బిగబట్టాడు.

“మామయ్యా, ట్రేలో పసుపు పువ్వు పూసింది” అంది మెల్లగా.

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. మొగ్గను నిన్ననే చూశాననీ, తుంచేద్దామనుకుంటే చెయ్యి రాలేదనీ గొణిగాడు. ఆమె కోప్పడలేదు. అత్తయ్య విత్తనాలు ఏమయ్యాయని మాత్రం అడిగింది. ఆయన ఇక దాచలేదు.

“ఆరో రోజు భోజనాల దగ్గర ఇవీ పోయాయన్నావు చూడు, ఆ మాట నేను తట్టుకోలేకపోయానమ్మాయ్. మర్నాడు నువ్వు డ్యూటీకి వెళ్లగానే ట్రే తెచ్చి ఈ బల్ల మీద పెట్టాను. ఆగిపోయినదాన్ని విప్పి చూడకుండా ఉండటం నాకు చేతకాదు. పట్టకారుతో గింజలన్నీ ఒక్కొక్కటే పైకి తీశాను. తీరా చూస్తే అవి ఆగిపోలేదు, నడుస్తూనే ఉన్నాయి. తెల్లగా, కంటికి ఆనీ ఆనని వేరు. పట్టకారు తగిలితే తెగిపోతోంది. ఆ సంగతి తెలిసేసరికి దాదాపు అన్నీ తెగిపోయాయి. మీ అత్తయ్యే ఉంటే అదే పట్టకారుతో నా చెవి మెలిపెట్టేది. నీకు ఖాళీ ట్రే చూపించలేక ఆవాలు తెచ్చి పెట్టాను. రెండ్రోజులాగి చెబుదామనుకున్నాను. ఈలోగా అవి మొలిచాయి, నువ్వు పొద్దున్నే లేచి వాటితో కబుర్లు మొదలుపెట్టావు. ఆవాలతో మాట్లాడుతున్నావు తల్లీ అని ఏ మొహంతో చెప్పను? అన్నీ పోలేదులే. చెక్కుచెదరని గింజలు పదకొండుంటే తడిగుడ్డలో చుట్టి చూసుకున్నాను, మూడు బతికాయి. మేడ మీద ట్యాంకు వెనక కుండీలో ఉన్నాయి. కాడలు ఎర్రగా ఉన్నాయి, మీ అత్తయ్యవే. ఇప్పుడే వెళ్లి తెచ్చుకో. నా దగ్గరుంటే ప్రమాదం. రోజూ పైకెళ్లి వాటి ముందు చేతులు కట్టుకుని కూర్చుంటున్నాను గానీ, వేళ్లు ఎంతవరకు దిగాయో ఒక్కటంటే ఒక్కటి లాగి చూద్దామని మహా దురదగా ఉంది.”