పిట్ట మెడ మీద మచ్చ

ఆయన్ని ఆ వీధిలో అందరూ నవ్వొద్దుగారు అంటారు. అసలు పేరు అడిగితే ఆయనే ఓ క్షణం తడుముకుంటాడు. ఐడీ కార్డులకీ పాస్‌పోర్టులకీ ఫోటోలు తీసే స్టూడియో ఆయనది. ఆ ఫోటోల్లో పళ్ళు కనబడితే ఆఫీసువాళ్ళు తిప్పికొడతారు. అందుకని పొద్దున షట్టరెత్తింది మొదలు సాయంత్రం దించేదాకా, స్టూలెక్కిన ప్రతి ప్రాణికీ ఆయన చెప్పే మంత్రం ఒక్కటే: "నవ్వొద్దు!" ఆయన అది చెప్పే తీరు చూస్తే శవానికి కూడా నవ్వొస్తుందన్నది వేరే సంగతి.

స్టూడియోలో పని రెండు చేతుల మీద నడుస్తుంది. ఆయన తీస్తాడు, ఆయన భార్య తీసేస్తుంది. అంటే ఆయన ఫోటో తీస్తే, ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని అందులోంచి మొటిమలు, మచ్చలు, కాలరు మీద నలకలు, నుదుటి మీద లేచిన వెంట్రుకలు తీసేస్తుంది. ఆవిడ చెయ్యి పడితే మనిషి ఇస్త్రీ చేసినట్టు బయటికొస్తాడు. ప్రింటు చేతికిచ్చాక, ఆ రోజు ఫోటోలన్నీ సాయంత్రం చెరిపేయడం ఆ షాపు కట్టుబాటు. గోడ మీద బోర్డు కూడా ఉంది: "మీ ముఖం మీదే. మేము ఉంచుకోం."

రోజంతా ముఖాలు చూసి చూసి విసుగెత్తిన మనిషి, కాస్త ముక్కులు చూద్దామని పిట్టల వైపు తిరిగాడు. సెకండ్‌హ్యాండ్ కెమెరా ఒకటి, చెయ్యంత పొడుగు లెన్సు ఒకటి కొన్నాడు. సెలవు రోజు తెల్లారేసరికి ఏ గట్టు మీదో కొంగజపం. మొదట్లో దొరికినవన్నీ కాకులే. లోకులు కాకులంటారు కదా, ఆ లెక్కన ఆయన ఆల్బం నిండా లోకులే. అందులో ఒంటరిగా కూర్చున్న కాకి ఫోటో ఒకటి ఉంది. దాన్ని మాత్రం 'ఏకాకి' అని గర్వంగా చూపిస్తాడు.

ఊళ్ళో పిట్టల ఫోటోలు తీసేవాళ్ళకి రెక్కల సంఘమని ఒకటుంది. దాని అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఆయన నవ్వొద్దుగారి భార్యకి స్వయానా అన్నయ్య. ఇక్కడ ఈయన జనాన్ని నోరు మూసుకోమంటాడు, అక్కడ ఆయన తెరవమంటాడు. ఇద్దరికీ పొసగేదెలా?

సంఘంలో సభ్యుడు కావాలంటే, సంఘం గోడ మీద లేని పిట్టని ఒకదాన్ని ఫోటో తీసి తేవాలి. ఆ పిట్ట ఏ పిట్టో గుర్తు స్పష్టంగా కనబడాలి. అది దొరకనివాళ్ళు 'ప్రయత్న సభ్యులు'. నవ్వొద్దుగారు ఏళ్ళ తరబడి ప్రయత్నంలోనే ఉన్నాడు. మీటింగుల్లో కుర్చీలు వెయ్యడం, టీ అందించడం ఆయన వంతు. దానికి బాధ లేదు. బాధల్లా పడవది. ఏటా గుడ్లు పెట్టే కాలంలో సంఘం వాళ్ళు పడవ కట్టించుకుని నది మధ్య దీవికి వెళతారు. అక్కడ చెట్టు కనబడనంత పిట్టలుంటాయట! పడవలో సభ్యులకే చోటు. సభ్యుడు వెంట ఇంటి మనిషిని ఒక్కరిని తెచ్చుకోవచ్చు. డాక్టరుగారి పక్క చోటు ఆయన భార్యది. ఆవిడకి పిట్టలంటే పడవు గానీ, పడవంటే ప్రాణం. ఏటా ఒడ్డున నిలబడి అందరికీ చెయ్యూపడం నవ్వొద్దుగారి పని.

"ఈ ఏడు కూడా రేవు దాకా వచ్చి సాగనంపుతారుగా బావగారూ?" అన్నాడు డాక్టరు, టీ కప్పు అందుకుంటూ.

"ఈ ఏడు మీ పక్కనే కూర్చుంటాను బావగారూ. కాస్త ఒత్తిగిలి చోటివ్వండి."

మాట అయితే అనేశాడు. పిట్ట ఏది?

పిట్ట దొరికింది! ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసు వెనక, మురికి అడుక్కి దిగడానికి నీళ్ళు నిలబెట్టే మడుగుంది. దాని గట్టున రాయి మీద, గుప్పెడంత బూడిదరంగు పిట్ట. చూడ్డానికి ఊరంతా తిరిగే బురదపిట్టలాగే ఉంది. కానీ మెడ కింద తుప్పురంగు చుక్క! సంఘం గోడ మీద లేని చుక్కమెడ పిట్ట! నవ్వొద్దుగారు కెమెరా ఎత్తాడు. వేలు బటన్ మీద పెట్టి, అలవాటు కొద్దీ పిట్టతో కూడా "నవ్వొద్దు" అన్నాడు. క్రమశిక్షణ గల పిట్ట, నవ్వలేదు.

స్టూడియోకి పరిగెత్తుకొచ్చేసరికి కాలేజీ పిల్లలు ఐడీ ఫోటోలకని బారులు తీరి ఉన్నారు. కెమెరాలోని మెమరీ కార్డు భార్య చేతిలో పెట్టి, "వీళ్ళతో పాటు నా పిట్టది కూడా ఒక పెద్ద ప్రింటు తియ్యవే, శుభ్రంగా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆవిడ శుభ్రంగానే తీసింది. తోకలో వంకరపోయిన ఈకని సరిచేసింది. కాలి మీద బురద కడిగింది. మెడ కింద ఏదో తుప్పు మరక అంటుకుని కనబడితే, పాపం ఎక్కడ పూసుకుందో అనుకుని, నున్నగా తుడిచేసింది.

ప్రింటు చూసి నవ్వొద్దుగారు మురిసిపోయాడు. "అబ్బ! మచ్చుకైనా మచ్చ లేదు. ఏం చేశావే!"

అదీ ఆయన కన్ను. జీవితమంతా తుడిచిన ముఖాలే చూసిన కంటికి, శుభ్రంగా ఉన్న ముఖమే సరైన ముఖం. ప్రాణంలా వెతికిన చుక్క లేకపోవడం ఆయనకి కనబడనే లేదు. సాయంత్రం ఆవిడ రోజూలాగే, పిట్ట అసలు ఫోటోతో సహా అన్నీ చెరిపేసి, షట్టరు దింపింది.

మీటింగు డాక్టరు క్లినిక్ పైగదిలో. నవ్వొద్దుగారు ఆ పూట కుర్చీలు వెయ్యలేదు. ప్రింటు బల్ల మీద పరిచి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"చుక్కమెడ పిట్ట!"

డాక్టరు పుచ్చు పళ్ళు వెతికే భూతద్దం తెచ్చి, ఫోటో మీద ఆ మూల నుంచి ఈ మూలకి వెతికాడు. "బాగుంది బావగారూ. మెడ ఉంది. పిట్ట ఉంది. చుక్కేదీ?"

"ఇదిగో, ఇక్కడ..." వేలు మెడ దాకా వెళ్ళి ఆగిపోయింది.

"మీరు తీసుకొచ్చింది బురదపిట్టండీ. స్నానం చేయించి తెచ్చారు, అంతే."

గది గొల్లుమంది. నవ్వొద్దుగారికి పట్టపగలే చుక్కలు కనిపించాయి, కావలసిన ఆ ఒక్క చుక్క తప్ప. సంఘం కార్యదర్శి, రిటైరైన లెక్కల టీచరమ్మ, ఒక్కావిడే నవ్వలేదు. "పడవ జాబితా శనివారం మీటింగులో మూసేస్తాం. ఆలోగా చుక్క దొరికితే తీసుకురండి" అంది.

ఇంటికొచ్చి ఆయన సంచీ విసిరేశాడు.

"ఏమే, దాని మెడ కింద ఏదైనా ఉందా?"

"ఉంది. మరక. తీసేశాను."

"అది మరక కాదే! అదే దాని పేరు! అదే దాని ఊరు! అది లేకపోతే ఆ పిట్టని కన్నతల్లి కూడా గుర్తుపట్టదు!"

ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. రెండు క్షణాలు నవ్వాపుకుంది. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నవ్వు మింగేసింది.

"శుభ్రంగా అన్నారు కదండీ. చేతిలోకొచ్చిన ప్రతి ముఖాన్నీ తుడిచేదాన్ని, పిట్టని వదిలేస్తానని ఎలా అనుకున్నారు? అయినా ప్రింటు చూసి మచ్చ లేదని మురిసింది ఎవరు?"

ఆయన విసిరేసిన సంచీ తీసి మేకుకి తగిలించాడు.

"మా అన్నయ్య నవ్వాడా?"

"పళ్ళన్నీ లెక్కపెట్టుకోవచ్చు."

"అయితే రేపు షాపు మూత. నేనూ వస్తాను. తీసేసింది నేను కాబట్టి, వెతికేదీ నేనే."

మర్నాడు ఇద్దరూ మడుగు గట్టున గొడుగు కింద కూర్చున్నారు. కూర్చున్నదాకా బాగానే ఉంది. మాట్లాడకుండా కూర్చోవడం ఆవిడకి ఇదే మొదటిసారి.

"ఏమండీ, ఇంకా రాదేం?"

"ఉష్."

"మనం వచ్చామని తెలుసంటారా?"

"నీ గొంతు వింటే పక్క ఊరి పిట్టలకి కూడా తెలుస్తుంది. ఉష్."

అంతలో ఆయన కళ్ళు రాయి వెనక రెల్లు మీద పడ్డాయి. రెల్లులో నీలం ప్లాస్టిక్ సంచీ ఒకటి చిక్కుకుని రెపరెపలాడుతోంది. ముప్పొద్దులా వెనక పరదాలో ముడతలు సరిచేసే మనిషికి అది కంట్లో నలక.

"ఆ సంచీ బ్యాక్‌గ్రౌండు పాడుచేస్తోందే. తీసేసి వస్తా. ఇదిగో, కెమెరా పట్టుకో. కదపకు."

"పిట్ట వస్తే?"

"నేనొచ్చేదాకా రాదులే."

చుట్టూ తిరిగి రెల్లులో దిగాడు. రెండడుగులు వేసేసరికి మోకాలి దాకా బురద. ఒక కాలు లాగితే రెండోది దిగుతుంది. సంచీ అందుకుందామని వంగాడు. వంగినవాడు లేవలేకపోయాడు. సరిగ్గా అప్పుడే, పిట్ట వచ్చి రాయి మీద వాలింది. మెడెత్తింది. తుప్పురంగు చుక్క ఎండలో తళుక్కుమంది.

ఆవిడకి అరవడానికి లేదు. అరిస్తే పిట్ట పోతుంది. అరవకపోతే మొగుడు రాడు. ఎటూ పాలుపోక, స్టూలు మీద పసిపిల్లల్ని కూర్చోబెట్టినప్పుడు ఆయన చేసేదంతా ఇన్నేళ్ళుగా చూసిందే కదా, కెమెరా కంటికానించి నొక్కేసింది.

పిట్ట ఎగిరిపోయింది. "వచ్చిందండీ! తీశానండీ!" అని గట్టు మీద ఆవిడ గంతులు. "ముందు నన్ను తియ్యవే!" అని బురదలోంచి ఈయన కేకలు.

స్టూడియోలో ఫోటో తెర మీద విప్పి చూశారు. చుక్క ఉంది. కంట్లో మెరుపు ఉంది. ఏ ఈకకి ఆ ఈక లెక్కపెట్టొచ్చు. దాని వెనక, కాస్త మసకగా, రెల్లు మధ్య వంగిన నవ్వొద్దుగారి వెనకభాగం కొండలా ఉంది.

"దీనికేముంది, చిటికెలో మిమ్మల్ని తీసేస్తాను" అంది ఆవిడ, మౌసు పట్టుకుని. "మీ నడుమున్న చోట రెల్లు అతికిస్తే సరి. పేరు మీదే వేసుకోండి. కెమెరా మీది, చోటు మీది, బురద కూడా మీదే. నొక్కడం ఒక్కటేగా నాది?"

ఆయనకి నోరూరింది. పడవ కనబడింది. పడవలో బావగారి పక్కన ఖాళీ చోటు కనబడింది. వెనక ఈ కొండ లేకపోతే, నొక్కిందెవరని అడిగే నాథుడుండడు. ఆవిడ వేలు సిద్ధంగా ఉంది. ఆయన తెర మీద పిట్టని చూశాడు, తనని చూసుకున్నాడు, మళ్ళీ పిట్టని చూశాడు.

"వద్దే."

"అదేమిటండీ?"

"చుక్క తీసేస్తే అది ఇంకో పిట్ట అయిపోయింది. నన్ను తీసేస్తే ఇది ఇంకో ఫోటో అయిపోతుంది. ఉన్నదున్నట్టు ప్రింటు కొట్టు." ఒక నిట్టూర్పు విడిచి, "అయినా నా వెనక్కి ఇంతకన్నా మంచి ఫోటో ఇంకెప్పుడొస్తుంది" అన్నాడు.

శనివారం మీటింగుకి ఇద్దరూ కలిసి వెళ్ళారు. డాక్టరు అద్దం పెట్టి చూశాడు. ఈసారి నవ్వలేదు.

"చుక్కమెడే" అన్నాడు, ఒప్పుకోక తప్పక. తర్వాత అద్దం పిట్ట వెనక్కి జరిగింది. "ఇదేమిటి, గేదా?"

"నేనే బావగారూ."

"మీరే అక్కడుంటే, ఇక్కడ నొక్కిందెవరు?"

నవ్వొద్దుగారు పక్కకి జరిగి భార్యని చూపించాడు. "మీ చెల్లెలు."

డాక్టరు ఊరుకునే రకమా? కోడిగుడ్డుకే ఈకలు పీకే మనిషి, ఈకలున్న పిట్ట దొరికితే వదులుతాడా! "అబ్బే, ఇది చెల్లదు. పిట్ట వెనక మనిషి వంగి ఉంటే సహజ దృశ్యం ఎలా అవుతుంది?"

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని ఫోటోకేసి వంగింది. "మనిషి ఇంతకన్నా సహజంగా ఎలా ఉంటాడు డాక్టరూ? నొక్కిన చేతికే సభ్యత్వం, అది మన రూలు. అమ్మాయ్, ఇలా వచ్చి సంతకం పెట్టు."

"నేనా?" అంది ఆవిడ బెదురుగా. "ఆ చోటు కనిపెట్టింది ఆయనండీ. ఇంతకాలం వెతికింది ఆయనండీ. ఇది ఆయనకే ఇవ్వండి."

"బాగానే చెప్పావమ్మా, కానీ రూలు ఒప్పుకోదు. ఆయన ప్రయత్నం సాగనీ."

గదిలో చప్పట్లు మోగాయి. నవ్వొద్దుగారు కూడా కొట్టాడు. మొదటి నాలుగూ చేతులే కొట్టాయి, ఆ తర్వాత మనసు కూడా కలిసింది. ఆవిడ సంతకం పెట్టి, కలం దించకుండానే అడిగింది: "సభ్యులు ఇంటి మనిషిని ఒకరిని పడవెక్కించుకోవచ్చు కదండీ?"

"ఒక్కరినే" అన్నాడు అన్నయ్య.

"నాకున్నదీ ఒక్కరే అన్నయ్యా."

పడవ రోజు వచ్చింది. ముందు బల్ల మీద ఆవిడ, మెళ్ళో కెమెరా. పక్కన నవ్వొద్దుగారు, వట్టి చేతులతో. ఆ పక్కన డాక్టరు, ఆయన పక్కన భార్య, నీళ్ళకేసి ఆనందంగా చూస్తూ. మలుపు తిరగ్గానే దీవి తెల్లగా కనిపించింది. ఇంకొంచెం దగ్గరైతే ఆ తెలుపంతా కదలడం మొదలెట్టింది. అరుపులు, రెక్కల చప్పుడు, గూళ్ళలోంచి తెరిచిన చిన్న చిన్న నోళ్ళు. అందరూ లెన్సుల్లో తలలు దూర్చి, ఎవరికి దొరికిన ముక్క వాళ్ళు చూసుకుంటున్నారు. లెన్సు లేని మనిషి ఒక్కడే దీవినంతటినీ చూస్తున్నాడు.

"ఇదిగో, కుడివైపు, ఎండుకొమ్మ కింద" అన్నాడు భార్య చెవిలో. "పిల్లకి తిండి పెడుతోంది. కాదు, దాని పక్కది. ఆ! ఇప్పుడు నొక్కు... ఎడమకి తిప్పు, రెండో గూడు. రెక్క విప్పబోతోంది, ఉండు, ఉండు, ఆఁ!"

ఆవిడ నొక్కిందల్లా ఫోటో అవుతోంది. డాక్టరు లెన్సు అటూ ఇటూ తిప్పాడు. ఎటు తిప్పినా ఆకాశమో, ఆకులో. కాసేపు బింకంగా ఉన్నాడు. తర్వాత బల్ల మీద మెల్లగా జరిగి, భుజానికి భుజం ఆనించాడు.

"బావా," అన్నాడు, ఈసారి 'గారు' నీళ్ళలో జారిపోయింది, "నాకూ ఒకటి చెప్పవయ్యా. ఎటు చూడను?"

"వరసలో రండి. ముందు మీ చెల్లెలు."

"వరసకి నేను నీ బావనేనయ్యా!"

"అందుకేగా చెబుతున్నాను" అన్నాడు నవ్వొద్దుగారు, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. "అదిగో, నీళ్ళలోకి వంగిన కొమ్మ చివర. తొందరపడకండి. ఊపిరి బిగబట్టండి. తల తిప్పుతుంది... తిప్పింది. నొక్కండి బావా, నొక్కండి!"