ప్రార్థన చీటీలో నా జబ్బు

చర్చి పాస్టరైన మా ఆయన పరదేశంలోని తుఫాను సహాయ శిబిరం నుంచి వచ్చిన ప్రతిసారీ మర్నాడు నాకు పెద్ద ఉతుకుడు ఉంటుంది. తుఫాను నేల బురద మామూలు బురద కాదు. సముద్రపు ఉప్పుతో కలిసి చొక్కా మడతల్లో, జేబుల మూలల్లో సిమెంటులా గడ్డకట్టి కూర్చుంటుంది. రెండుసార్లు నానబెట్టాలి, బ్రష్షుతో రుద్దాలి. ఆ రోజు పొద్దున పెరట్లో అదే పని మీద ఉండగా ఇంట్లో ఫోను మోగింది. ఆయన చర్చి కమిటీ వాళ్లతో మాట్లాడాలని వెళ్తూ మర్చిపోయిన ఫోను.

చేతులు తుడుచుకుని ఎత్తాను. సహాయ శిబిరం నడిపే డాక్టరమ్మ. ఎప్పుడో వయసులో ఉండగా ఆ దేశం వెళ్లి అక్కడే ఉండిపోయిన మనిషి. ఇన్నేళ్లయినా మన తెలుగు మర్చిపోలేదు.

"అయ్యగారు క్షేమంగా చేరారా? నువ్వెవరూ, అమ్మగారివా? అయ్యో తల్లీ, ఫోను కోసం నువ్వెందుకు లేచావు? నడుం ఎలా ఉంది?"

నడుమా? నా నడుం అప్పుడే బక్కెట్టెడు బట్టలు పిండి వచ్చింది.

"బానే ఉందండీ" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలీదు. ఆయన ఏదైనా చెప్పి ఉంటే నలుగురిలో కాదనకూడదన్నది పదమూడేళ్ల కాపురంలో ఒంటికి పట్టేసింది.

"మూడేళ్లుగా ప్రతి బుధవారం నీ కోసం ప్రార్థన చేస్తున్నామమ్మా. మా చీటీలో మొదటి పేరు నీదే."

ఫోను పెట్టేశాక కాసేపు అలాగే నిలబడ్డాను. నాకు జబ్బు ఉంది. ఆ సంగతి సముద్రం అవతలి వాళ్లకి తెలుసు, నాకు తెలీదు. శనివారం చర్చిలో నూట ఇరవై కుర్చీలు సర్దేది ఈ నడుమే. దుప్పట్లు, సబ్బులు, మందుల అట్టపెట్టెలు ఇంటి నుంచి వ్యాను దాకా మోసేది ఈ నడుమే. అత్తయ్యకి మోకాళ్లు పట్టేస్తే ఎత్తి కూర్చోబెట్టేదీ ఇదే.

మొదట ఏ ఆడదానికైనా వచ్చే అనుమానమే నాకూ వచ్చింది. పెళ్లాం మంచాన పడిందని ఊరి కాని ఊళ్లో చెప్పుకునే మగాళ్ల గురించి మనకి తెలియందేముంది? అయ్యగారైతే మాత్రం? జేబులన్నీ వెతికాను. బురద తప్ప ఏమీ లేదు. ఆయన తెచ్చిన ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాను. అన్నిట్లోనూ మధ్యలో ఆయనే, చుట్టూ తడిసిన గుడారాలు, దుప్పటి అందుకుంటున్న చేతులు. ఎవరి కళ్లలోనూ నాకు పనికొచ్చే రహస్యం కనపడలేదు. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశ కూడా కలిగింది. ఒక మనిషి దొరికితే కోపానికి చోటు దొరికేది.

మధ్యాహ్నం భోజనం దగ్గర అడిగారు.

"ఎవరో ఫోన్ చేసినట్టున్నారు?"

"డాక్టరమ్మ."

కంచంలో చెయ్యి ఆగింది. "ఏమంటుంది?"

"క్షేమంగా చేరారా అని."

"ఇంకా?"

"ఇంకేముంటుంది?"

ఆయన తలూపి మళ్లీ తినడం మొదలెట్టారు. ఆ 'ఇంకా' ఎందుకడిగారా అని ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఎదురుగా ఉన్న అత్తయ్య నా మొహం చూసి, ఆయన లేచి వెళ్లాక మెల్లిగా అంది: "దైవసేవకుణ్ణి అనుమానిస్తే దేవుణ్ణి అనుమానించినట్టేనమ్మా." నేనింకా నోరే తెరవలేదు. ఈవిడకి ఏం తెలుసు? అప్పుడు రెండో అనుమానం పుట్టింది: దాచింది ఆడమనిషిని కాదు, నా గురించే ఏదో.

మా ఆయన రెండు వేళ్లతో టైపు కొడతారు. అందుకే నివేదికలు, విన్నపాలు, కృతజ్ఞతా పత్రాలు అన్నీ నేనే కొడతాను, కింద సంతకం ఆయనది. కానీ శిబిరానికి వెళ్లే ఉత్తరాలు మాత్రం ఆయనే గంటలకొద్దీ కూర్చుని టక్కు టక్కుమని కొట్టుకునేవారు. పాపం నాకు శ్రమ తగ్గిస్తున్నారని మురిసిపోయాను. మా ఇంట్లో నాకెవరు శ్రమ తగ్గించారు గనక? అప్పుడే అనుమానం రావాల్సింది.

మర్నాడు ఆయన ఆసుపత్రిలో ఎవరినో చూడ్డానికి వెళ్లినప్పుడు చర్చి ఆఫీసు గదిలో కంప్యూటరు తెరిచాను. దొంగతనంగా ఏమీ కాదు, రోజూ నేను కూర్చునే కుర్చీయే. డాక్టరమ్మ మొదటి ఉత్తరం మూడేళ్ల కిందటిది.

'మీ ఆవిడ ప్రసూతి వార్డులో తొమ్మిదేళ్లు నర్సుగా చేశారని మీ కమిటీ పెద్ద చెప్పారు. ఇక్కడ డెబ్భై మంది గర్భిణులున్నారు. ఆమెని తీసుకురండి. మీకు వీలు కాకపోతే ఆమెనైనా పంపండి.'

ఆయన జవాబు నిండా తప్పులే. 'నా భర్యకు వెన్నుపుస జబ్బు. పది నిముషాలు నిలబడలేదు. అయినా మంచం మీద నుంచే సేవ చేస్తోంది. ప్రార్దించండి.'

మరుసటి ఏడు ఆవిడ మళ్లీ అడిగింది. ఈయన జబ్బు కొంచెం ముదిరిందని రాశారు. మూడో ఉత్తరం ఆర్నెల్ల కిందటిది. 'ఈ వానల్లో ఇద్దరు బాలింతలు రక్తం ఆగక పోయారు. నేను అవతలి గుడారంలో కాన్పు చేస్తున్నాను. పని తెలిసిన చేతులు ఇంకో రెండు ఉంటే దక్కేవారేమో.'

ఆ వాక్యం దగ్గర నా చూపు ముందుకి కదల్లేదు. పొట్ట మీద అరచెయ్యి ఎక్కడ ఆనించాలో, ఎంత గట్టిగా మర్దన చేస్తే గర్భసంచి బిగుస్తుందో నా చేతులకి తెలుసు. పదకొండేళ్లయినా మర్చిపోలేదు. బల్ల మీద నా అరచెయ్యి దానంతటదే వంగింది.

ఆయన ఎప్పుడొచ్చారో, గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"నా ఉత్తరాలు చదువుతున్నావా?"

"నా జబ్బు గురించి చదువుకుంటున్నాను."

ఎదురుగా కూర్చున్నారు. చర్చిలో కష్టం చెప్పుకోవడానికి వచ్చిన వాళ్లతో మాట్లాడే గొంతుతోనే మొదలెట్టారు. "అబద్ధమని కాదు. ఇక్కడ సంఘం ఉంది, ఆడవాళ్ల కూడిక ఉంది, అమ్మ ఉంది. నువ్వు రావడం కుదరదంటే వాళ్లు వినరు. మర్యాదగా ఏదో ఒక కారణం చెప్పాలిగా."

"నన్ను అడగాలిగా."

"అడిగితే వస్తాననేదానివి."

ఆ మాట అనేశాక తనేం ఒప్పుకున్నారో ఆయనకే అర్థమైంది. కళ్లు దించుకున్నారు.

నాకు మా పెళ్లయిన రెండో ఏడు గుర్తొచ్చింది. దగ్గర్లోనే వరదలొస్తే ఇద్దరం వెళ్లాం. స్కూలు వరండాలో నా ముందు బారులు తీరారు జనం. "నర్సమ్మా, నర్సమ్మా" అని ఒకటే పిలుపు. ఆయన బైబిలు పట్టుకుని స్తంభం దగ్గర నిలబడ్డారు. చివరికి ఎవరో ఆయన చేతికి వేణ్నీళ్ల గిన్నె ఇచ్చి "బాబూ, ఇది నర్సమ్మకివ్వు" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒకే ఒక్క మాటన్నారు: "పొద్దుట్నించీ ఒక్కసారైనా దేవుడి పేరెత్తావా?" "అప్పుడు నా చేతుల్లో బిడ్డ తల ఉందండీ" అన్నాను. నవ్వుతారనుకున్నాను. నెల తిరక్కుండా నా ఉద్యోగం మాన్పించారు. అయ్యగారి భార్య జీతానికి పనిచేస్తే బాగోదని అత్తయ్య చేత చెప్పించారు.

ఆ వరద వరండానీ, నా ఉద్యోగం పోవడాన్నీ ఇన్నాళ్లూ కలిపి చూడలేదు నేను.

తర్వాత రెండు రోజులు నన్ను నేను కూడా అనుమానించుకున్నాను. నా కడుపుమంట ఆ చనిపోయిన ఆడవాళ్ల కోసమా, ఈయన మీద గెలవడానికా? మోకాళ్ల మీద కూర్చుని దేవుణ్ణే అడిగాను. ఏ కారణంతో వెళ్లినా రక్తం ఆపితే ఆగుతుంది కదా అనిపించి లేచి డాక్టరమ్మకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, ఓదారుస్తుందనుకున్నాను.

"మూడు నెలలు ఉండగలవా?" అంది.

"ఉంటాను."

"అయితే కాగితాలు పంపుతున్నా."

కాగితాలు వచ్చాయి. భోజనాల బల్ల మీద పెట్టాను. అత్తయ్య "నా మోకాళ్ల సంగతో?" అంది. "మీ అబ్బాయి ఉన్నారుగా అత్తయ్యా" అన్నాను. ఆ సాయంత్రం నుంచి ఆయన ఒక్కసారిగా మెత్తబడ్డారు. టీ పెట్టి తెచ్చిచ్చారు. నా సంచీకి తాళం కొనుక్కొచ్చారు. ఇంత తియ్యదనం దేనికా అని నాకు ఆదివారం దాకా అంతుపట్టలేదు.

ఆదివారం ప్రసంగం ముగించి గొంతు సవరించుకున్నారు. "ప్రియులారా, ప్రభువు నన్నొక త్యాగం అడిగాడు. నా ఇంటి దీపాన్నే అడిగాడు. కన్నీళ్లతో సరేనన్నాను. నా భార్యని ఆ దిక్కులేని తల్లుల సేవకి పంపిస్తున్నాను." ముందు వరసలో ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు. కమిటీ పెద్ద లేచి, "ఎంత మనసు అయ్యగారూ మీది! ముందే పంపించాల్సింది, పాపం అమ్మగారికే ఇన్నాళ్లూ వీలుపడలేదేమో" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. ఆడవాళ్ల వైపు నుంచి నేను లేవడం పాట పాడటానికే అనుకుని హార్మోనియం అమ్మాయి వేళ్లు మెట్ల మీద పెట్టింది.

"నన్నెవరూ పంపించడం లేదండీ, నేనే వెళ్తున్నాను" అన్నాను. "నన్ను రమ్మని మూడేళ్ల కిందటే ఉత్తరం వచ్చింది. అప్పుడెందుకు వెళ్లలేదో అయ్యగారు చెప్తారు."

చెప్పి కూర్చున్నాను.