ఈదమ్మ పొయ్యి

ఫారెస్టు గార్డు బసవపున్నయ్య పుట్టింది ఎడ్లపాడులో అయినా కాపురం మాచర్లలో. పొద్దున్నే భార్య కట్టిచ్చిన క్యారేజీ బండికి తగిలించుకుని అడవిలోకి పోతాడు. ఎండ నడినెత్తికొచ్చే వేళకు రేగులబోడు చేరి, ఈదమ్మ పొయ్యి మీద క్యారేజీ పెట్టి, బూట్లు విప్పి, చెట్టు నీడన నడుం వాలుస్తాడు. లేచేసరికి గోంగూర పప్పు అప్పుడే దింపినట్టు వెచ్చగా ఉంటుంది.

ఆ పొయ్యిలో నిప్పుండదు. పొయ్యి చుట్టూ ఇల్లూ ఉండదు. మూడు రాళ్ళు, అంతే.

చెంచుగూడేల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆడమనిషి తన చేత్తో పాతుకుని, ఏళ్ళ తరబడి వండుకున్న పొయ్యిరాళ్ళు ఆమె బతికున్నన్నాళ్ళూ చల్లారవు. ఆమె ఎంత దూరాన ఉన్నా సరే. వానకు తడిస్తే కాస్త ఆవిరొదిలి మళ్ళీ వెచ్చబడతాయి. చలికాలం కుందేళ్ళొచ్చి వాటిని ఆనుకుని పడుకుంటాయి. ఆమె పోయిన పూట చల్లారిపోతాయి. నీళ్ళు పల్లానికి పోతే ఎవరైనా వింతపడతారా? ఇదీ అంతే.

రేగులబోడులో ఒకప్పుడు గూడెం ఉండేది. పులులకు చోటు కావాలని గూడెం జనాన్ని రోడ్డు పక్క కాలనీకి తెచ్చారు. వెదురు గోడలూ బోదగడ్డి కప్పులూ నాలుగు వానలకు మట్టిలో కలిశాయి. రాళ్ళు మిగిలాయి. కాలనీలో ఈదమ్మకు సిమెంటు ఇల్లిచ్చారు, గ్యాసుబండ ఇచ్చారు. "ఆ నీలంమంట మీద వండిన సంకటి తింటే ఎవరింటికో చుట్టమై పోయి తిన్నట్టుంటది," అంటుంది ఈదమ్మ.

అడవి భూమి మీద అడవిబిడ్డలకు హక్కుందని చట్టం చెబుతుందని తెలిశాక గూడెం ఆడాళ్ళు సంఘం కట్టారు. సభ పెట్టుకుని, చేతులెత్తి తీర్మానం చేసుకుని, నరసరావుపేట కలెక్టరాఫీసు దాకా నడిచిపోయారు. గేటు ముందే గడ్డలు ఉడకేసుకుని తిని కూర్చున్నారు. మా పాత చోటు మాకియ్యండన్నారు. చివరికి ఆ చోటు చూసి రాయమని బసవపున్నయ్యకు కాగితం వచ్చింది. గోడ ఉందా, కప్పు ఉందా, బావి ఉందా అని అందులో అడిగారు. ఏదీ లేదు. లేదనే రాశాడు. పొయ్యి ఉందా అని ఎవరూ అడగలేదు, అతనికీ తోచలేదు. సంతకం పెట్టిన కాగితం సంచీలో దోపుకుని, ఈదమ్మ పొయ్యి మీంచి క్యారేజీ దింపుకుని అన్నం తిన్నాడు.

అర్జీ తిరిగొచ్చింది. ఆడాళ్ళు మళ్ళీ నడిచారు. ఈసారి పెద్దాఫీసరమ్మే వచ్చి చూస్తానంది. ఆమె కూడా లేదంటే ఇంక లేనట్టే.

ఆ రోజే నరసరావుపేట కాలేజీ పిల్లలూ వచ్చారు. లెక్చరర్ ప్రభాకరరావు ఏటా పిల్లల్ని ఎత్తిపోతలకు తీసుకెళ్ళేవాడు. "జలపాతం ఎక్కడికీ పోదు. భూమికోసం నడిచినోళ్ళు చెప్పేది ముందు వినండి," అని ఈ ఏడు ఇటు మళ్ళించాడు.

ఈదమ్మ ముందు నడిచింది. రేగుకంపల మధ్య ఒకచోట ఆగి, వెనకే వస్తున్న నిఖత్‌ను చూసింది. ఆ పిల్ల కాలేజీ పిల్లల్లో ఒకతె, మెకానిక్కు కూతురు.

"ఏమే పిల్లా, చెప్పులిప్పు. వంటింట్లోకొస్తన్నావు."

నిఖత్ చుట్టూ చూసింది. ఎండుగడ్డి, కంప. అయినా చెప్పులు విప్పింది.

ఈదమ్మ ఒక్కో పొయ్యి దగ్గరా వంగి అరచెయ్యి ఆనిస్తూ పోయింది. "ఇది పోతక్కది. చింతపండులో పులుపు విరగను బూడిద కలిపి పెట్టేది, వేళ్ళు నాక్కోవాల్సిందే. మొన్న ఎండాకాలం పోయింది, చూడు, చల్లంగుంది. ఇది గురవమ్మది. మొగుడు తేనె తెస్తే గూడెమంతటికీ పంచి, ఖాళీ చిప్ప ఆయనకిచ్చేది."

"వెచ్చగా ఉన్నవి ఏమైనా ఉన్నాయా అవ్వా?"

"ఉంది. నాదొక్కటే. సంఘంలో మిగతా ఆడాళ్ళంతా కాలనీకొచ్చినాక పొయ్యి పెట్టుకున్నోళ్ళే."

నిఖత్ మోకాళ్ళ మీద కూర్చుని ఈదమ్మ రాళ్ళ మీద చెయ్యి పెట్టింది. ఆ వేడి కాల్చేది కాదు, పసిపిల్ల నుదుటికుండే వేడి.

"మా నానీ పొయ్యి గుర్తొచ్చింది అవ్వా, మా అమ్మమ్మది. రంజాన్‌లో తెల్లారకముందే లేచి, ఒక చేత్తో నన్ను ఒళ్ళో పెట్టుకుని ఇంకో చేత్తో రొట్టెలు కాల్చేది."

"ఆమె ఉందా?"

"ఉంది. ఆ ఇల్లే లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు."

"మరి పొయ్యి?"

"చూడలేదవ్వా."

"చూడాల్సింది తల్లీ," అంది ఈదమ్మ.

అంతలో జీపు వచ్చింది, వెనకే బసవపున్నయ్య బండి. ఆఫీసరమ్మ దిగి, పాత కాగితం చేతిలో పట్టుకుని ఆ చోటంతా కలియదిరిగింది. ప్రభాకరరావు చట్టంలో సెక్షన్లు చెప్పబోయాడు.

"నాకూ తెలుసు మాస్టారూ. పెద్దామె మాట రాసుకుంటాను. దానికి తోడు ఒక్క ఆనవాలు చూపించండి."

"ఇదిగో తల్లీ, నా పొయ్యి," అంది ఈదమ్మ.

"రాళ్ళు అడవి నిండా ఉన్నాయి పెద్దమ్మా. వెచ్చగానే ఉండొచ్చు, ఇవి మీవేనని నేనెట్లా రాసేది?"

తన వంటిల్లు తనదేనని ఎవరైనా ఎట్లా రుజువు చేస్తారు? ఈదమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. ఆఫీసరమ్మ పెన్ను మూత తీసింది.

పొద్దు నడినెత్తికొచ్చింది. బసవపున్నయ్య అలవాటు ప్రకారం కదిలాడు.

"మేడమ్, మీ క్యారేజీ కూడా ఇటివ్వండి, ఈదమ్మ పొయ్యి మీద పెడతా. మీరు రాసుకునేలోపు వేడెక్కుద్ది."

ఆఫీసరమ్మ పెన్ను కాగితం మీదే ఆగింది. నిఖతే అడిగింది.

"బాబాయ్, ఎవరి పొయ్యి అన్నారు?"

"ఈదమ్మది. ఉద్యోగంలో చేరినప్పట్నించీ దీనిమీదేగా నా తిండి. చేరిన కొత్తలో వానకు తడిసొస్తే, ఇదిగో, ఈ చూరు కింద కూర్చోబెట్టి జొన్నంబలి పోసింది..." చెయ్యెత్తి చూపిస్తూ ఆగిపోయాడు. చెయ్యి ఉత్త గాలిలో ఉంది.

"మరి లేదని రాశారేంది?" అంది ఆఫీసరమ్మ.

"గోడ అడిగారు మేడమ్, లేదన్నాను. పొయ్యి అడగలేదు."

"బాగుందిరా అబ్బాయ్," అంది ఈదమ్మ. "ఇన్నేళ్ళు నా పొయ్యి మీద తిని, నేను లేనని రాసొచ్చావా?"

బసవపున్నయ్య తల వంచుకున్నాడు. ముందు రాసింది తప్పని ఒప్పుకుంటే ఉద్యోగానికే మాటొస్తుందని ఆఫీసరమ్మ మెల్లగా చెప్పింది.

"రానీండి మేడమ్. అన్నం తిన్న చోటు గదా," అని పెన్ను కోసం చెయ్యి చాపాడు.

ఇది ఈదమ్మ పొయ్యేనని అతను రాసి సంతకం పెట్టాక ఆఫీసరమ్మ కూర్చుని రాయి మీద అరచెయ్యి ఆనించింది. చానాసేపు తియ్యలేదు. తర్వాత కాగితంలో రాసింది: "ఆనవాలు: పొయ్యి. వెచ్చగా ఉంది."

సాయంత్రం నరసరావుపేటలో బస్సు దిగాక నిఖత్ నేరుగా ఇంటికి పోలేదు. నానీ ఇల్లున్న చోట, రోడ్డు వారగా కూర్చుని తారు మీద చెయ్యి పెట్టింది. పగలంతా కాసిన ఎండకు రోడ్డంతా వేడిగానే ఉంది. అందులో ఏ వేడి ఎవరిదో తెలియలేదు. అయినా ఆటోలు హారన్లు కొట్టేదాకా లేవలేదు.

వానలు పడ్డాక పట్టా వచ్చింది. కబురు తెలిసి నిఖత్ మళ్ళీ వచ్చింది. రేగులబోడులో కొత్త వెదురు తడికలు లేచాయి. ఈదమ్మ తన రాళ్ళ పక్కనే మనవరాలు అంకాలు చేత మూడు రాళ్ళు ఏరించి, పాతించి, మొదటి సంకటి వండించింది. మంట ఆరి, బూడిద ఎత్తేసి, అందరూ తిన్నాక అంకాలు రాయి ముట్టుకుని చూసుకుంది.

"చల్లారిపోయిందే అవ్వా!"

"తొందరేందే?" అంది ఈదమ్మ, తన పాత రాయి మీద వీపు ఆనించుకుంటూ. "మనల్ని ఉండనిస్తే, అయ్యే వెచ్చబడతయి."