జీవరాజ్ ఆదివారం

ఆగస్టు రెండో ఆదివారాన్ని బీదర్‌లోని ఒక చర్చిలో అందరూ జీవరాజ్ ఆదివారం అనే అంటారు. ఆ ఊరి సిపాయి జీవరాజ్ ఇరవై రెండేళ్ల కింద శాంతిసేనతో ఆఫ్రికా వెళ్లాడు. అక్కడ తిరుగుబాటుదారులు రోడ్డు కంపెనీ మనుషులు పందొమ్మిది మందిని బందీలుగా పట్టుకుంటే, వాళ్లను విడిపించే దాడిలో చనిపోయాడు. బందీలకు మాత్రం గీత కూడా పడలేదు. అందుకే ఆ ఆదివారం సండేస్కూలు పిల్లలు హెలికాప్టరు బొమ్మలు వేసి గోడకు అంటిస్తారు. జీవరాజ్ పేరు విని పటాలంలో చేరిన వాళ్ల పేర్లు పాస్టరు చదువుతాడు. ఆ తర్వాత, ఆ దాడిలో జీవరాజ్ పక్కనే ఉన్న సాల్మన్ లేచి సాక్ష్యం చెప్తాడు.

జీవరాజ్ భార్య హేబ్సిబాకు ఆ సాక్ష్యం కంఠతా వచ్చు. సాల్మన్ ఒళ్లోనే ఆమె భర్త ప్రాణం విడిచాడు. విడిచే ముందు, "హేబ్సిబాను భయపడొద్దను, ప్రభువు ఉన్నడు" అన్నాడు. ఆ మాటను ఆమె సమాధి రాతి మీద చెక్కించింది. రోజూ పొద్దున పొయ్యి వెలిగించే ముందు అదే తలచుకుని మోకరించేది. ఒక్కతే బతికిన ఇన్నేళ్లూ ఆ మాటే ఆమెకు తోడు.

ఈసారి ఆదివారానికి మూడు రోజుల ముందు ఇద్దరు ఆడవాళ్లు హుమ్నాబాద్ బస్సు దిగి ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. పెద్దామె భాగ్యజ్యోతి, ఆనాటి బందీల్లో ఒకతె. కూతురు ఆర్తికి హుమ్నాబాద్ ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికితే ఈమధ్యే షోలాపూర్ విడిచి వచ్చారట. జీవరాజ్ ఆదివారం సంగతి ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారట.

"ఈ పిల్ల ఆ చెరలనే పుట్టింది అక్కా," అంది భాగ్యజ్యోతి. "మమ్మల్ని విడిపించిననాడు మూడు దినాల పిల్ల. లిస్టుల దీని పేరే లేకుండె."

"దేవుని దయ," అంది హేబ్సిబా, చాయ్ అందిస్తూ.

"కొంగుల చుట్టుకొని హెలికాప్టర్ ఎక్కిన. పొగల ఏం కనబడతలేదు. సాల్మన్ అన్న మమ్మల్ని, సిపాయిలను కలిపి ఒక్కొక్కరి తల తట్టుకుంట లెక్కవెట్టిండు. దీని తల గూడ తట్టిండు. లెక్క సరిపోయిందని పైలట్‌కు చెప్పిండు. మీకు ఎరకే గద."

"ఏం ఎరక?"

"పైకి లేసినంక వైర్‌లెస్‌ల అరిచిండు గదక్కా, జీవరాజ్ అన్నా నువ్వు ఎక్కలేదా అని. ఆడ తెలుగొచ్చింది నాకొక్కదానికే."

ఆర్తి తల్లి మోచెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఆంటీకి తెల్వనట్టుంది."

పైన ఎయిర్‌ఫోర్స్ విమానం ఒకటి చుట్టు తిరిగి పోయింది.

"ఎక్కువైన తల నాదే ఆంటీ," అంది ఆర్తి నేల చూస్తూ. "అందుకే అంకుల్ తక్కువైంది కనబడలే."

హేబ్సిబాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. మూడు రోజుల పిల్ల ఏం చేసిందని? "చాయ్ చల్లారుతాంది, తాగు బిడ్డా," అంది.

మర్నాడు పొద్దున ఆమె చౌబారా బురుజు దగ్గర సాల్మన్ ఇంటికి వెళ్లింది. అతను వరండాలో కూర్చుని మెడళ్లు తుడుస్తున్నాడు.

"రా వదినె. పోయినేడు చర్చి విందుల పలావ్‌ల ఉప్పు తక్కువైందని తిట్టనీకి వచ్చినవా? ఈసారి వంటోన్ని మార్చిన."

"వైర్‌లెస్‌ల ఏమన్నడు?"

సాల్మన్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఎవరు చెప్పారని అడగలేదు.

"కాలికి తగిలింది, గోడకాడ ఉన్న, రెండు నిమిషాలు ఆగుమన్నడు. పైలట్‌కు చెప్పిన. మల్ల దిగితే అందరం పోతమన్నడు. ఆయన తప్పు లేదు వదినె."

"తర్వాత?"

"సాల్మన్, సాల్మన్ అన్నడు. గంతే."

"నా పేరు?"

"అనలే."

ఆమె గడప మీద కూర్చుంది.

"తొమ్మిది దినాలకు ఆ తిరుగుబాటోళ్లు శవం అప్పజెప్పిండ్రు. నువ్వు అన్నం ముడతలేవు. అప్పటి ముసలి పాస్టరయ్యకు అంత చెప్పుకున్న. ఒక మంచి మాట చెప్పు, లేకుంటే ఈమె గూడ పోతదన్నడు."

"ఆయనకు గూడ ఎరకేనా? నాకోసం చెప్పినవా సాల్మన్, నీకోసమా?"

"మొదటి ఏడు నీకోసమే," అన్నాడతను. "తర్వాత పిల్లలు బొమ్మలు వెయ్యవట్టిరి."

"ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు."

"చెప్త వదినె. బైబిల్ మీద ఒట్టు."

ఇంటికి నడుస్తూ ఆమె ఆలోచించింది. ఆ అబద్ధం లేకపోతే తను బతికేదా? అది దయేనేమో. దయ అయితే ఇంత చేదెందుకుంది? గోడ దగ్గర కాలీడ్చుకుంటూ, రెండు నిమిషాలు ఆగమన్న మనిషి ఒకడున్నాడు. ఇంటికి రావాలనుకున్నాడు. అతని కోసం ఆమె ఒక్కనాడూ ఏడవలేదు. ఎవరో కల్పించిన నిబ్బరమైన మనిషి కోసం ఏడ్చింది.

ఆదివారం భాగ్యజ్యోతి, ఆర్తి ఆమె పక్కనే కూర్చున్నారు. సాల్మన్ లేచాడు. గోడ మీది బొమ్మలను, ముందు వరసలో పిల్లలను చూశాడు. హేబ్సిబా వైపు చూడలేదు.

"జీవరాజ్ అన్న నా ఒళ్లనే పానం ఇడిసిండు," అన్నాడు.

గొంతు ఏటేటా వణికే చోటే వణికింది. అందరూ ఆమెన్ అన్నారు. ఆర్తి వేళ్లు హేబ్సిబా చేతిని వెతుక్కున్నాయి.

"ఇప్పుడు హేబ్సిబమ్మ ప్రార్థన చేస్తది," అన్నాడు పాస్టరు. తలలన్నీ వంగాయి, కళ్లన్నీ మూసుకున్నాయి. ఆమె లేచి నిలబడింది.

"ప్రభువా, నా పెనిమిటి రెండు నిమిషాలు ఆగుమన్నడు. ఆగలే. ఆగితే ఈ పిల్ల గూడ ఉండకపోవునేమో, నీకే ఎరక. ఆయన సాల్మన్ ఒళ్ల పోలే. నా పేరు అనలే. అనని మాటకు ఇరవై రెండేండ్లు నీకు స్తోత్రం చెప్పిన. నువ్వు వినుకుంటనే ఉన్నవు. సాల్మన్ చెప్పకపాయె, ముసలి పాస్టరయ్య చెప్పకపాయె. నువ్వన్న చెప్పకపోతివి."

ముందు వరసలో ఒక బల్ల కిర్రుమంది.

"ఆ గోడకాడ ఆయనతోని నువ్వున్నవా తండ్రీ? నాకు గదొక్కటి చెప్పు."

ఆమె ఆగింది, నిజంగానే జవాబు కోసం. ఆ తర్వాత ఆమెన్ అనకుండానే కూర్చుంది. ఎవరనాలో తెలియక ఎవరూ అనలేదు. తలలు వంచుకునే ఉన్నారు.