ల్యాబు వెనక గది

జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే తిరుపతిరావు కూతురు మనోజ్ఞ 2004లో నందిగామ కాలేజీలో బీయస్సీ చదివేది. మధ్యాహ్నం బెల్లు, దాని వెంట వరండాలో లేచే గోల ఆమె చెవుల్లో సూదుల్లా దిగేవి. తట్టుకోలేనప్పుడు చెవులు మూసుకుని ఊగేది. విజయవాడ డాక్టరు దాన్ని ఆటిజమన్నాడు. ఇంట్లోవాళ్లు ఆ మాట గడప దాటనివ్వలేదు.

ఫిజిక్సు చెప్పే నీరజ మేడమ్‌కు మాత్రం మనోజ్ఞే చెప్పుకుంది. మేడమ్ ల్యాబు వెనక చిన్న గది తాళంచెవి చేతిలో పెట్టి, రోజూ అక్కడే అన్నం తినమంది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలితే, "మనిద్దరి మధ్యే ఉంటుందమ్మా" అంది. బయటి మనిషిని అంతగా నమ్మడం మనోజ్ఞకు అదే మొదలు.

ఫిబ్రవరిలో కాలేజీకి తనిఖీ బృందం వచ్చింది. మనోజ్ఞ పెరుగన్నం తింటుండగా తలుపు తెరుచుకుంది. ప్రిన్సిపాలు, కొత్తవాళ్లు కొందరు, వాళ్ల వెనక తొంగిచూస్తున్న క్లాసు పిల్లలు. అందరికన్నా ముందు నీరజ మేడమ్.

"ఈ అమ్మాయేనండి. ఆటిజం. ఇలాంటి పిల్లల కోసమే ఈ గది ఏర్పాటు చేశామండి."

ఎవరో ఫొటో తీశారు. ఫ్లాష్ కళ్లల్లో కొట్టగానే మనోజ్ఞ చెవులు మూసుకుని ఊగసాగింది.

"చూశారుగా" అంది మేడమ్, వాళ్ల వైపు తిరిగి.

సాయంత్రం మనోజ్ఞ స్టాఫ్‌రూము బయట నిలబడి అడిగింది.

"మనిద్దరి మధ్యే అన్నారు కదండీ?"

"కాలేజీకి మంచి పేరొస్తే మీకేగా లాభం. అయినా దాచుకోడానికి అదేమన్నా తప్పా?"

"తప్పని కాదండి. చెబితే నేను చెప్పుకోవాలి."

లోపలికెళ్లి తాళంచెవి మేడమ్ బల్ల మీద పెట్టి వచ్చేసింది.

మర్నాటి నుంచి పిల్లలు ఆమెను చూడగానే చెవులు మూసుకుని ఊగేవాళ్లు. ఆమె చెవుల్లో దూది పెట్టుకుని సైకిల్ స్టాండు వెనక తినేది. పరీక్షలు దగ్గరపడ్డాక, జగ్గయ్యపేట నుంచి బస్సులో వస్తూ దారి పొడవునా ఒకే మాట వల్లించుకుని, నేరుగా ప్రిన్సిపాలు దగ్గరికే వెళ్లింది. పరీక్ష హాల్లో బెల్లుకు దూరంగా, ఓ మూలన తనకు సీటు కావాలంది. ఆయన సరేనన్నాడు.

ఫస్టు క్లాసు వచ్చింది. ఫలితాల రోజు నీరజ మేడమ్ తోటి లెక్చరర్లతో, "ఆ గది లేకపోతే ఈ పిల్ల ఏమయ్యేదో" అంటూ మనోజ్ఞ భుజం మీద చెయ్యి వేసింది. మనోజ్ఞ పక్కకు జరిగి, నమస్కారం పెట్టి బయటికి నడిచింది. కోపం ఎప్పుడో చల్లారింది. తాళంచెవి ఇచ్చిన రోజున మేడమ్ మనసులో ఉన్నది దయో, అప్పటికే వేసుకున్న లెక్కో, అదొక్కటే ఆమెకు ఎన్నటికీ తేలలేదు.