ఎర్మీనియా పిన్ని వద్దంది

రియేకా రేవులో ఓడలు కట్టే చోట ఎర్మీనియా ముప్పై ఒక్క ఏళ్లు వెల్డింగ్ చేసింది. మగవాళ్లు జంకే ఇరుకు ట్యాంకుల్లోకి దిగి, వెల్లకిలా పడుకుని అతుకులు వేసిన మనిషి. ఎనభై నాలుగో ఏట మా వృద్ధాశ్రమానికి వచ్చేనాటికి మతిమరుపు జబ్బు బాగా ముదిరింది. భర్త పోయిన సంగతి మరిచిపోయింది. కొడుకు లియుబో పేరూ మరిచిపోయింది. షిఫ్టు మాత్రం మరవలేదు. తెల్లవారగానే మంచం దిగి చేతి తొడుగుల కోసం వెతికేది.

"పని మానేసి పాతికేళ్లయింది, పడుకో" అని ఎవరైనా చెబితే ఒంటికాలి మీద లేచేది. ఒకసారి ఆ కోపంలో జారి పడింది. దాంతో డైరెక్టరు తిహానా గారు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు బెల్టు వేయించారు. అంతా ఆమె మంచికేనట.

నేను అక్కడ ఆయాగా చేరిన మొదటి వారంలోనే ఆ బెల్టుతో పెనుగులాడుతున్న ఎర్మీనియా కంటపడింది. గోరు విరిగి రక్తం వస్తోంది. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"పిన్నీ, ఇవాళ పనేంటి?"

ఆమె పెనుగులాట ఆపింది. "ఆరో నంబరు ట్యాంకు. ఆ వాల్టర్ గాడు వేసిన అతుకంతా దండగ. మళ్లీ నేనే వెయ్యాలి. నువ్వెవరు, కొత్తదానివా?"

"అవును. నేర్పుతావా?"

"ముందు ఇది విప్పు, మొద్దూ!"

విప్పాను. చెయ్యి పట్టుకుని వరండా పొడుగునా నడిచాం. గోడ మీద వేలు జరుపుతూ, అతుకు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో చూపించింది. అలసిపోయాక, "ఇవాళ్టికి చాలు" అని తనే వచ్చి పడుకుంది. మర్నాడూ అంతే.

తిహానా గారు పిలిపించారు. "స్నేజానా, ఆవిడ మళ్లీ పడితే బాధ్యత ఎవరిది?"

"నాదే. కట్టేసినందుకు బాధ్యత ఎవరిదండీ?"

ఆ రోజు నుంచీ నేను బెల్టు వెయ్యలేదు.

అలా ఏడాదిన్నర నడిచాం. తర్వాత ఆమె కాళ్లు పడిపోయాయి, ఆపైన మాట పడిపోయింది. అక్టోబరులో తిండీ మానేసింది. చెంచా దగ్గరికి తెస్తే పెదాలు బిగించి మొహం తిప్పేసుకునేది. ఇవి చివరి రోజులని డాక్టరు చెప్పేశాడు. అయినా తిహానా గారు ఆసుపత్రికి పంపి ముక్కులోంచి గొట్టం వేయించాలన్నారు. "ఇక్కడ ఆకలితో మాడ్చి చంపారని రేపు ఎవరైనా అంటే?" అన్నది ఆవిడ భయం. వద్దని నేను అడ్డుపడ్డాను.

లియుబో పరుగున వచ్చాడు. "మా అమ్మని పస్తు పెట్టమంటావా?" అని నా మీద విరుచుకుపడ్డాడు.

"తిండి మానేసినందువల్ల పోవట్లేదు లియుబో. పోయే వేళయింది, ఒంటికి తిండి అక్కర్లేదు. గొట్టం వేస్తే పీకేసుకుంటుంది. అప్పుడు చేతులు కట్టేస్తారు. కట్టించమంటావా?"

అతను చెంచా అందుకుని తనే ప్రయత్నించాడు. ఆమె మొహం తిప్పుకుంది. మరోసారి పెట్టబోయి, చెంచా కింద పెట్టేశాడు.

"చిన్నప్పుడు నేను చారు వద్దని మొరాయిస్తే నాన్న బలవంతం చేసేవాడు. 'వద్దంటున్నాడు కదా, వినపడట్లేదా' అని ఈవిడే గిన్నె లాగేసేది" అన్నాడు.

ఈలోగా అంబులెన్సు వాళ్లు స్ట్రెచరు తెచ్చారు. అదే గదిలో ఉండే తొంభై ఏళ్ల మఫాల్దా తన నడక స్టాండును గుమ్మానికి అడ్డంగా పెట్టి నిలబడింది.

"జరుగు మామ్మా."

"జరగను. కాస్త తోస్తే చస్తాను. తొయ్యండి మరి!"

వాళ్లు తిహానా గారి కేసి చూశారు. లియుబో లేచి నిలబడ్డాడు. "మా అమ్మ ఎక్కడికీ రాదు. కాగితమివ్వండి, సంతకం పెడతాను."

స్ట్రెచరు ఖాళీగా వెళ్లిపోయింది.

నాలుగు రోజులు బతికింది. నొప్పి తెలియకుండా డాక్టరు మందిచ్చాడు. ఒళ్లు ఒరుసుకుపోకుండా ఇటూ అటూ తిప్పేదాన్ని. లియుబో దూదిని ద్రాక్షసారాలో ముంచి ఆమె పెదాలు తడిపితే చప్పరించింది. ఆదివారం మధ్యాహ్నం, కింద భోజనాల గదిలో పళ్లేలు మోగుతుండగా, కొడుకు చేతిలో చెయ్యి ఉంచి ఊపిరి వదిలింది.

మా దగ్గర పోయినవాళ్లను గదుల తలుపులన్నీ మూసి, వెనకవైపు నుంచి చెత్తడబ్బాల పక్కగా తీసుకెళ్లేవారు.

"ముందునుంచి తీసుకెళ్తాం" అన్నాను.

"మిగతావాళ్లు భయపడతారు స్నేజానా" అన్నారు తిహానా గారు.

"ఇక్కడికి ఎందుకొచ్చారో వాళ్లకి తెలీదనుకుంటున్నారా?"

భోజనాల గది మధ్యనుంచే తీసుకెళ్లాం. చెంచాల చప్పుడు ఆగింది. లేవగలిగినవాళ్లు లేచారు. లేవలేనివాళ్లు బల్లలు పట్టుకుని లేవబోయారు. ఎవరో "ఎవరూ?" అన్నారు. మఫాల్దా గట్టిగా, "ఎర్మీనియా వెళ్తోంది! లేచి నిలబడు!" అంది.

సోమవారం నాకు మెమో ఇచ్చారు. చెప్పిన మాట వినలేదని అందులో మూడు తప్పులు రాశారు: బెల్టు వెయ్యలేదు, ఆసుపత్రికి పంపనివ్వలేదు, వెనకనుంచి తీసుకెళ్లలేదు. కింద "మూడూ నిజమే" అని రాసి సంతకం పెట్టాను. తిహానా గారు చదివి ఫైల్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఎవరు పోయినా ముందునుంచే తీసుకెళ్తున్నాం. ఆవిడా వచ్చి నిలబడుతున్నారు.